పెరటిలో రెండు పొట్టి మేకలు: పద్దెనిమిది నెలల పెంపకంపై సమీక్ష

గత ఏడాది ఏప్రిల్‌లో, సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న స్నోహోమిష్ కౌంటీలో ఒక చిన్న పెంపకందారు వద్ద మేము రెండు నైజీరియన్ డ్వార్ఫ్ మేకపిల్లలను కొన్నాము. రెండూ విత్తులు తీసిన పోతులు. కొమ్ము మొలకలను పసితనంలోనే వేడి ఇనుముతో కాల్చివేశారు. వయస్సు తొమ్మిది వారాలు. ఒక్కొక్కదాని ధర 350 డాలర్లు. అమ్మకం ప్రకటనలో ముఖ్యంగా మూడు మాటలు ఉన్నాయి: కుక్కకంటే తక్కువ శ్రమ, ఏ గడ్డి వేసినా తిని బతుకుతుంది, పిల్లలకు మంచి తోడు. పద్దెనిమిది నెలలు పెంచిన తరువాత, వాటిలో చివరి మాట నిజమని, మొదటి రెండూ కొనేవారిని పక్కదారి పట్టించేవని చెప్పగలను. మేకలకు నేను పూర్తి మార్కులు వేస్తాను. వాటిని మాకు అంటగట్టిన తీరుకు సగం మార్కులు కూడా వేయలేను. ఆ పెంపకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. కొనేముందు ఏమి చూడాలో, ఏమి అడగాలో తెలిస్తే పేరుతో పని లేదు.

నేను కనిగిరి వైపు పల్లెలో పెరిగినవాడిని. మా తాతగారికి ముప్పై దాకా జీవాలు ఉండేవి, వేసవి సెలవులలో వాటి వెంట తిరిగినవాడిని కనుక మేకల గురించి నాకు ఒకరు చెప్పవలసిన పని లేదన్న ధీమాతోనే డబ్బు కట్టాను. మొదటి పొరపాటు ఆ ధీమాలోనే ఉంది. పల్లెలో మేక పొద్దున్నే మందతో బయలుదేరి, తుమ్మ, రేగు, వేప అంటూ దొరికిన ఆకునల్లా కొరుకుతూ, రాళ్ల మీద గిట్టలు అరగదీసుకుంటూ చీకటి పడేదాకా నడుస్తుంది. పోతుపిల్ల అయితే ఏడాది తిరిగేసరికి సంతకు పోతుంది. పదేళ్లు దాటిన మేకపోతుకు ఏ రోగాలు వస్తాయో, నడక లేని మేకకు గిట్టలు ఎంత పొడవు పెరుగుతాయో మా తాతగారికి తెలియవలసిన అవసరమే కలగలేదు. పెంపుడు మేక మాత్రం సవ్యంగా చూసుకుంటే పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది, ఆ కాలమంతా కంచె లోపలే ఉంటుంది, దాని కడుపులోకి పోయేదంతా మన చేతి మీదుగానే పోతుంది. మేక పేరు ఒకటే గాని పెంపకం వేరు. ఆ తేడాను అమ్మేవారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

జాతి గురించి కొంత చెప్పాలి. నైజీరియన్ డ్వార్ఫ్, పిగ్మీ అనే రెండు పొట్టి రకాల మూలమూ పశ్చిమ ఆఫ్రికాయే. పిగ్మీది గుండ్రని పీపా వంటి ఒళ్లు, పొట్టి కాళ్లు. నైజీరియన్ డ్వార్ఫ్ పాడిమేకను చిన్నది చేసినట్టు సన్నగా, పొందికగా ఉంటుంది. అమెరికన్ డెయిరీ గోట్ అసోసియేషన్ దీనిని 2005లో పాడి జాతిగా గుర్తించింది. దాని ప్రమాణం ప్రకారం ఆడమేక ఎత్తు భుజం దగ్గర 22.5 అంగుళాలకు, పోతు ఎత్తు 23.5 అంగుళాలకు మించరాదు. ఎదిగిన మేక సుమారు 75 పౌండ్లు, అంటే 34 కిలోల దాకా తూగుతుంది. మన దేశంలో పొట్టి మేక అనగానే గుర్తుకు వచ్చేది బెంగాల్, ఒడిశా, అస్సాం ప్రాంతాల బ్లాక్ బెంగాల్ జాతి, కాని దానిని మాంసానికి, తోలుకు పెంచుతారు. మా రెండింటిలో ఒకదానికి మెడ కింద రెండు చన్నులు వేలాడుతుంటాయి. పనికిరాని వాటికి మన పెద్దలు పోలికగా చెప్పే మేక మెడ చన్నులు ఇవేనని పిల్లలకు వివరించబోయాను. వారి దృష్టిలో ఆ మేకను ఎంచుకోవడానికి కారణమే అవి అని తెలిసి ఊరుకున్నాను.

ఇక అనుమతుల విషయం. సియాటిల్ నగర పరిధిలో పొట్టి మేకలను పెంచుకోవడానికి 2007 నుంచి అనుమతి ఉంది. జెన్నీ గ్రాంట్ అనే నగరవాసి ‘గోట్ జస్టిస్ లీగ్’ పేరుతో చేసిన ప్రయత్నం ఫలించి నగర మండలి నిబంధనను మార్చింది. పోతులకు విత్తులు తీయించి ఉండాలి, మేకలన్నిటికీ కొమ్ములు లేకుండా చేయించి ఉండాలి, కుక్కకు తీసుకున్నట్టే నగర జంతు కేంద్రం నుంచి లైసెన్సు తీసుకోవాలి. మాకు ఆ పని ఏ చిక్కూ లేకుండా పూర్తయింది. ఈ మొత్తం వ్యవహారంలో మాకు నిరాశ కలిగించనిది అదొక్కటే. అయితే ఈ నిబంధనలు సియాటిల్ నగరానివి. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే బోథెల్, రెడ్‌మండ్, సమామిష్ వంటి పట్టణాలకు ఎవరి నిబంధనలు వారికి ఉంటాయి, వాటికి తోడు గృహ సముదాయాల సంఘం కట్టుబాట్లు ఉంటాయి. బయానా ఇచ్చే ముందు ఈ రెండూ చదవడం మంచిది.

మేకల స్వభావం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒంటరిగా ఒక మేకను కొనడం దానిని హింసించడమే. అది మందలో పుట్టిన జంతువు, తోడు లేకపోతే రోజంతా అరుస్తుంది, తిండి మానుకుంటుంది. రెండు ఉంటే, ఇంటిల్లిపాదినీ మందగానే లెక్కవేస్తాయి. మా అమ్మాయి బడి బస్సు మలుపు తిరిగిన చప్పుడు మాకన్నా ముందు వాటికి వినబడుతుంది. కంచె మీద ముందుకాళ్లు మోపి నిలబడి పిలుస్తాయి, ఆ పిలుపు నాకు గాని మా ఆవిడకు గాని ఇంతవరకు దక్కలేదు. ఎండ కాసిన రోజున అమ్మాయి చెక్కబల్ల మీద కూర్చుని చదువుకుంటుంటే రెండూ చెరో పక్కన పడుకుని, కళ్లు సగం మూసి నెమరు వేస్తుంటాయి. చురుకైనవి, ఒక్కసారి చూపిస్తే గడియ తీయడం నేర్చుకునేటంత తెలివైనవి. అందుచేత గొళ్లేనికి ఇప్పుడు కొక్కెం తాళం వేస్తున్నాము. మనుషుల దగ్గరకు వచ్చి ఒళ్లు రుద్దుకుంటాయి గాని ఎత్తుకోవడం వాటికి నచ్చదు. ఇంటి లోపల పెట్టి పెంచవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు, పెంటికలు ఎక్కడ వేయాలో మేకకు నేర్పడం సాధ్యమయ్యే పని కాదు.

ఇక్కడ అమ్మినవారు చెప్పవలసి ఉండి చెప్పని మాట ఒకటి ఉంది. మేక నాలుగైదు కిలోల పిల్లగా ఉన్నప్పుడు మా అబ్బాయి అరచేతిని దాని నుదుటికి ఆనించి నెడుతూ ఆడుకునేవాడు, అది వెనక్కి జరిగి గెంతి ఢీకొట్టేది, మేమందరం నవ్వేవాళ్లం. మేక భాషలో అది పందెం. అదే ఆట పాతిక కిలోల బరువుతో ఆడేసరికి ఆరేళ్ల పిల్లవాడు కంకర మీద వెల్లకిలా పడ్డాడు. కొమ్ములు లేవు కనుక మోచేతి తోలు లేవడంతో పోయింది. నుదుటిని నెట్టడం మాన్పించి, మీదికి వస్తే పక్కకు తప్పుకుని వీపు తిప్పమని నేర్పాక రెండు నెలలకు ఆ అలవాటు తగ్గింది. చిన్న పిల్లలున్న ఇంటివారు మొదటి రోజు నుంచే ఈ జాగ్రత్త తీసుకోవాలి.

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. మేకపిల్లలను కారెక్కించేటప్పుడు అమ్మకందారు, బెల్లపు మడ్డి కలిపిన దాణా సంచి ఒకటి ఉచితంగా ఇచ్చి, రోజూ పొద్దున ఒక్కొక్కదానికి ఒక గ్లాసు చొప్పున పెట్టమన్నారు. ఊళ్లో తవుడు, చిట్టు పెట్టడం చూసిన నాకు అది సహజంగానే తోచింది. నవంబరులో ఒక శనివారం సాయంత్రం మెడ చన్నుల మేక పదే పదే నడుము వంచి నిలబడుతూ, తోక ఆడిస్తూ, పళ్లు నూరుతూ కనిపించింది. మూత్రం చుక్కలుగా తప్ప రావడం లేదు. మలబద్ధకం అనుకుని రాత్రంతా ఊరుకుని ఉంటే తెల్లవారేసరికి మూత్రాశయం పగిలి ఉండేదని తరువాత వైద్యురాలు చెప్పారు.

కారణం ఇది. గింజలలోను, దాణాలోను భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మేకకు ఈ రెండూ తారుమారుగా, కాల్షియం భాస్వరానికి కనీసం రెండింతలుగా అందాలి. ఆ పాళ్లు తప్పినప్పుడు మూత్రంలో సన్నని రాళ్లు కడతాయి. ఆడమేకకు మూత్రనాళం పొట్టిది, వెడల్పైనది కనుక రాళ్లు జారిపోతాయి; పోతుకు అది పొడవైనది, వంపులు తిరిగినది. దానికి తోడు మరీ పసితనంలో విత్తులు తీస్తే, ఆ నాళం వెడల్పు కావడానికి అవసరమైన హార్మోను అందక అది సన్నగానే ఉండిపోతుంది. మా మేకపిల్లలకు మూడు వారాలకే విత్తులు తీయడానికి రబ్బరు వళయం వేశారని అప్పుడు గాని తెలియలేదు. మూడు నెలలైనా ఆగడం మేలని మా వైద్యురాలి సలహా. పోతు మూత్రనాళం చివర వానపాములా వేలాడే సన్నని కొస ఒకటి ఉంటుంది, రాయి తరచుగా అక్కడే ఇరుక్కుంటుంది. ఆమె ఆ కొసను కత్తిరించగానే దారి తెరుచుకుంది. అదృష్టవశాత్తు రాయి పైన ఉన్న వంపులో లేదు. ఉండి ఉంటే పెద్ద శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు. రాత్రివేళ పిలిచినందుకు, మందులకు కలిపి వెయ్యి డాలర్లకు పైగా అయింది. పాలివ్వని, సంతానం కనని పెంపుడు పోతుకు దాణా అక్కరలేదన్న సంగతి ఆ రాత్రి తెలిసింది. ఉచితంగా వచ్చిన ఆ సంచే మేము కొన్నవాటన్నిటిలోకి ఖరీదైనది.

ఇప్పుడు మా మేకల ప్రధాన ఆహారం ఎండుగడ్డి. కాస్కేడ్ పర్వతాలకు అవతల ఎలెన్స్‌బర్గ్ లోయలో పండే తిమోతి గడ్డి జపాన్‌కు ఎగుమతి అయ్యేటంత పేరున్నది. మాకు అది పక్క ఊరి సరుకు కావడం ఒక సౌకర్యం. ఒక్కొక్కటి రోజుకు రెండు, మూడు పౌండ్లు తింటుంది. నేలపై పడిన గడ్డిని ముట్టదు. ఏ గడ్డి వేసినా తింటుందన్న మాట ఇక్కడే తేలిపోయింది, నిజానికి పెంపుడు జంతువులలో ఇంత ఎంపికగా తినేదానిని నేను చూడలేదు. తొక్కినదాన్ని, తడిసినదాన్ని, తన నోరు ఒకసారి ముట్టి వదిలినదాన్ని తిరిగి తాకదు, ఆకలితో అయినా అరుస్తుంది గాని తినదు. గోడకు బిగించిన ఇనుప గడ్డిబుట్ట కొన్నాక వృథా సగానికి తగ్గింది. నీళ్లు కూడా అంతే, గిన్నెలో ఒక్క పెంటిక పడినా మార్చాలి; చలికాలంలో గోరువెచ్చని నీళ్లు పెడితే ఎక్కువ తాగుతాయి, రాళ్ల బెడదకు అదీ ఒక విరుగుడు.

ఖనిజ లవణాల విషయంలోనూ దుకాణాల సరుకు చూసి మోసపోవచ్చు. ‘గొర్రెలు, మేకలకు’ అని రాసిన, నాకడానికి పెట్టే లవణపు ఇటుకలలో రాగి ఉండదు, ఎందుకంటే రాగి కొద్దిగా ఎక్కువైనా గొర్రెకు విషం. మేకకు మాత్రం రాగి తప్పనిసరి. లేకపోతే బొచ్చు రంగు వెలిసి, తోక కొస చేపతోకలా చీలుతుంది. మా మేకల తోకలు చీలిన తరువాతనే మేకల కోసమే తయారైన పొడి లవణానికి మారాము. ఇటుకను నాకడం కంటే పొడిని అవి సులువుగా తీసుకుంటున్నాయి. పశ్చిమ వాషింగ్టన్ నేలలలో సెలీనియం కూడా తక్కువ, ఇక్కడి మేకపిల్లలకు కండరాల జబ్బు రావడానికి అది కారణం. అయితే ఎక్కువైతే అదీ విషమే కనుక ఆ సూదిమందు మోతాదును వైద్యురాలికే వదిలిపెట్టాము.

వాషింగ్టన్ రాష్ట్ర పుష్పం రోడోడెండ్రాన్. సియాటిల్‌లో అది లేని పెరడు అరుదు. మా ఇల్లు అమ్మినవారు ముచ్చటపడి మూడు పొదలు నాటి వెళ్లారు. మన దగ్గర గన్నేరు ఎటువంటిదో మేకకు ఇది అటువంటిది. కొన్ని ఆకులు చాలు, నోట నురగ కట్టి, వాంతులై, గుండె లయ తప్పుతుంది. అజేలియా కూడా అదే కుటుంబం. మేకలు రాకముందే మూడింటినీ వేళ్లతో పెకలించాము గాని, పొరుగువారు కత్తిరించిన కొమ్మలను దయతలచి కంచె మీదుగా మేకలకు వేస్తారేమోనని ఇరువైపుల ఇళ్లకూ వెళ్లి చెప్పవలసి వచ్చింది. ఒక ఇంటివారు ఆ పని చేయబోతూనే ఉన్నారు. పెరటిలోని ప్రతి మొక్కనూ పేరుతో పోల్చి చూడనిదే మేకను తీసుకురావద్దు. అడవిలో మేకకు తల్లి నేర్పే చదువు సీసా పాలు తాగిన పిల్లకు ఉండదు.

వైద్యం దొరకడం గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. ఆ శనివారం రాత్రి నేను మొదట ఫోన్ చేసిన రెండు ఆసుపత్రులూ మేకలను చూడబోమన్నాయి. కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసేచోట నెమరువేసే జంతువును ముట్టుకోకపోవడానికి అలవాటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. మనకు అది పెంపుడు జంతువే అయినా, అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్కలో మేక ఆహార జంతువే. క్లోరాంఫెనికాల్ వంటి కొన్ని మందులు దానికి వాడటమే నిషిద్ధం. రాష్ట్ర విశ్వవిద్యాలయ పశువైద్యశాల పుల్‌మన్‌లో ఉంది, సియాటిల్ నుంచి కారులో దాదాపు ఐదు గంటలు. చివరికి మూడో ఫోన్‌కు దొరికిన వైద్యురాలు ఇల్లిల్లూ తిరిగి పెద్ద పశువులను చూసే ఆమె. ఆమె సేవ గురించి ఒక్క వంకైనా పెట్టలేను. మేకను కొనకముందే అటువంటి వైద్యుని వెతికి పెట్టుకోవాలి, ఆ తరువాత కాదు.

న్యాయానికి అమ్మకందారు సక్రమంగా చేసిన పని కూడా చెప్పాలి. చిటుకు రోగానికి, ధనుర్వాతానికి కలిపి వేసే టీకా మొదటి మోతాదు వేసి, తేదీ కాగితం మీద రాసి ఇచ్చారు. రెండో మోతాదు మేము వేయించాము, ఇక ఏటా ఒకసారి.

మిగిలిన శ్రమ అంతా వానతోనే. మేకకు వాన అంటే పరమ అసహ్యం, సియాటిల్‌లో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వానే. నేలకు అడుగెత్తున చెక్కలు పరిచి, మూడు వైపుల మూసిన కొట్టం కట్టించాము. అయినా తడికి గిట్టలు మెత్తబడతాయి కనుక ఆరు వారాలకు ఒకసారి వాటిని కత్తిరించాలి. ఆ పని నేర్చుకోవడానికి నాకు రెండు వేళ్లకు కట్లు పడ్డాయి. తడి పచ్చిక మీద కడుపులో నట్టలు చేరతాయి. రక్తం పీల్చే నట్టల బెడదను కంటి కింది రెప్ప లోపలి రంగు చూసి పసిగట్టే ఫమాచా అనే రంగుల అట్ట ఉంది, దక్షిణాఫ్రికాలో గొర్రెల కోసం తయారైనది. రెప్ప లోపల ఎర్రగా ఉంటే మందు వద్దు, పాలిపోతే కావాలి. నెలనెలా మేకలన్నిటికీ నట్టల మందు తాగించే పాత అలవాటు వల్లనే ఆ మందులు ఇప్పుడు పనిచేయడం మానేస్తున్నాయి. కంచె నాలుగు అడుగుల ఎత్తున, దగ్గర కన్నాల వలతో ఉండాలి; నగరంలోనూ తోడేళ్ల వంటి కొయోటీలు తిరుగుతాయి కనుక రాత్రి తలుపు వేయాలి. వాసన గురించి భయపడనక్కరలేదు, కంపు కొట్టేది విత్తులున్న పోతే.

మొన్నటి వేసవిలో మా అమ్మానాన్నలు వచ్చి నాలుగు నెలలు ఉన్నారు. నాన్న మొదటి రోజు కొట్టం చుట్టూ ఒకసారి తిరిగి, “ఒరే, పాలియ్యవు, కొయ్యరు. మరి వీటినెందుకురా మేపుతున్నావు?” అని అడిగారు. నేను చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదు. వారం తిరగకముందే గడ్డి వేసే పని తనదిగా చేసుకున్నారు. అమ్మ మాత్రం పెంటికలను చూసి సంబరపడింది. పొలంలో ఎరువు కోసం మందలు కట్టించుకోవడానికి రైతులు కాపరులకు డబ్బిచ్చి బతిమాలే ఊరి నుంచి వచ్చిన మనిషి ఆమె. మేక ఎరువును ఊరికే పారబోస్తున్నానని కోప్పడి, ఆ చారెడు నేలలో తోటకూర, మెంతికూర వేసి ఆగస్టు దాకా మాకు కూర కొనే పని లేకుండా చేసింది.

లెక్క చెప్పాలంటే, ఈ పద్దెనిమిది నెలలలో కంచెకు, కొట్టానికి, గడ్డికి, వైద్యానికి కలిపి మాకు ఏడున్నర వేల డాలర్ల దాకా అయింది. మేకల ధర అందులో పదో వంతు లేదు. సెలవులకు ఊరు వెళ్లాలంటే వాటిని చూసే మనిషిని వెతకడం ఒక పని, కుక్కలను ఉంచుకునే వసతిగృహాలు వీటిని తీసుకోవు. ఆవరణ లేనివారు, రోజుకు గంట తీరిక లేనివారు, ఏటా రెండు నెలలు ఇండియాలో గడిపేవారు కొనకపోవడమే మేలు.

పిల్లలు ఇప్పుడు మూడో మేక కావాలంటున్నారు, నగర నిబంధన ప్రకారం ఇంకొకదానికి చోటుంది. నేను ఒప్పుకున్నాను, పెంపకందారును మాత్రం మార్చాము. మొదటిసారి “మా మందలో ఏ జబ్బూ లేదు” అన్న నోటిమాటను నమ్మి, మోకాళ్లు వాచే సీఏఈ వైరసుకు, గడ్డలు కట్టే సీఎల్‌కు, పేగులను తినే యోనీస్ వ్యాధికి పరీక్షల కాగితం అడగలేదు. తరువాత మా ఖర్చుతో రక్తం పంపించి, ఫలితం వచ్చేదాకా పది రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపాము. రెండింటికీ ఏమీ లేదని వచ్చింది. ఈసారి చూసిన చోట తల్లిమేకల పరీక్షా ఫలితాలు అడగకముందే బల్ల మీద పెట్టారు, విత్తులు పన్నెండు వారాల తరువాతనే తీస్తామన్నారు, దాణా సంచి మాటే ఎత్తలేదు. ధర 100 డాలర్లు ఎక్కువ. బయానా ఇచ్చి వచ్చాము, పిల్లను మార్చిలో తెచ్చుకోవాలి.